హుసేని నడిచిన దారి

గుంతకల్లు నుంచి హుబ్బళ్లి వెళ్లే రైలు బళ్లారి దాటాక, హోస్పేట ఇంకా రాకముందే తోరణగల్లులో ఆగుతుంది. సండూరు తాలూకాలోని ఈ ఊరి పేరు వినగానే ఎవరికైనా ఇనుప ఖనిజమూ ఉక్కు కర్మాగారమూ గుర్తొస్తాయి. సంగీతం ఎవరికీ గుర్తురాదు. అయితే పడమటికి ముప్పై నలభై కిలోమీటర్లు పోతే హంపి వస్తుంది. మన సంగీత శాస్త్రానికి తొలి మేళకర్త వ్యవస్థల్లో ఒకటి రూపుకట్టింది ఆ నగరం నీడలోనే. తుర్కీ బాణీల మీద గిటారుకో, నలుగురు వాయిద్యగాళ్లు కూర్చుని వాయించే ఛాంబర్ బృందానికో రచనలు చేయడం ఇవాళ యూరప్‌లో, ఇస్తాంబుల్‌లో ఒక పాయగా నడుస్తోంది. దాన్ని ఈ ప్రాంతానికి సంబంధం లేని దూరపు ముచ్చటగా చూడటం పొరపాటని నా వాదన. తురుష్క సంగీతాన్ని విని, దాన్ని తన వాద్యానికి తగ్గట్టు మలుచుకుని కొత్త రచన చేయడమనే పని ఈ తుంగభద్ర తీరంలో కనీసం అయిదు వందల ఏళ్ల నాటిది. నేటి గిటారు రచయితకు ఎదురయ్యే చిక్కే ఆనాటి వైణికుడికీ ఎదురైంది. మెట్లు బిగించిన వాద్యం మీద మెట్ల మధ్య పలికే పరాయి స్వరాన్ని ఎలా పట్టుకోవాలన్నదే ఆ చిక్కు. ఇక్కడివాళ్లు దానికి చెప్పుకున్న జవాబు ఒకటుంది: స్వరస్థానాన్ని వదిలేసి నడకను తీసుకున్నారు.

ఈ కథ విజయనగరానికి ముందే మొదలవుతుంది. దేవగిరి యాదవ రాజు సింఘణుడి కొలువులో, పదమూడో శతాబ్దపు తొలి సగంలో శార్ఙ్గదేవుడు సంగీత రత్నాకరం రాశాడు. అందులో లెక్కకొచ్చిన 264 రాగాల్లో తురుష్క తోడి, తురుష్క గౌడ అనే రెండు ఉన్నాయి. కర్ణాట గౌడ, ద్రావిడ గౌడల పక్కనే తురుష్క గౌడ కూర్చుంది. అంటే శాస్త్రకారుడు దాన్ని పరాయిదిగా తోసెయ్యలేదు, ఒక దేశపు బాణీగా వరసలో పెట్టాడు. దక్కనులో సుల్తానుల రాజ్యాలు ఏర్పడటానికి దాదాపు నూరేళ్ల ముందటి మాట ఇది. తర్వాత రెండు శతాబ్దాలకు అదే గ్రంథానికి కళానిధి అనే వ్యాఖ్య రాసిన కల్లినాథుడు విజయనగరం వాడు, ఇమ్మడి దేవరాయల కాలం వాడు. దేవరాయలు తురుష్క విలుకాండ్రను సైన్యంలోకి తీసుకుని రాజధానిలోనే వాళ్లకు వాడ ఇచ్చాడు. ఆ రాజు కొలువులోని అహ్మద్‌ఖాన్ 1439లో కట్టించిన మసీదు ఇప్పటికీ హంపిలో నిలిచి ఉంది. గుమ్మటం లేకుండా ఆ ఊరి మండపాల పద్ధతిలోనే కట్టారు. శాసనంలో దాన్ని ధర్మశాల అన్నారు. తమ నమాజుకు కావలసిన చోటును ఈ ఊరి రాతి పని చేత, ఈ ఊరి మాట చేత కట్టించుకున్నారన్నమాట. సంగీతంలోనూ అదే జరిగిందని ముందు ముందు చూస్తాం.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, అది న్యాయమైనదే. సంస్కృత గ్రంథాల్లో తురుష్కుడంటే తుర్కీ దేశస్థుడనే కాదు, ఉత్తరం నుంచి గుర్రమెక్కి వచ్చిన ముస్లిం ఎవడైనా తురుష్కుడే. కాబట్టి తురుష్క తోడికీ ఇస్తాంబుల్ సంగీతానికీ ముడిపెట్టడం అతి కాదా? రాజ్యాల సరిహద్దుల లెక్కన చూస్తే అతే. సంగీతం లెక్కన చూస్తే కాదు. పదిహేనో శతాబ్దంలో హెరాత్, తబ్రీజ్, బాగ్దాద్, బుర్సా నగరాలకు ఒకే మకాం శాస్త్రం (మకాం అంటే మన రాగం లాంటిది), ఒకే పేర్లు: హుసేని, హిజాజ్, ఇరాక్, నౌరోజ్. ఆ శాస్త్రానికి పెద్దదిక్కైన అబ్దుల్ ఖాదిర్ మరాఘీ తైమూరు కొలువులోనూ, అతని కొడుకు షారుఖ్ కొలువులోనూ ఉండి 1435లో హెరాత్‌లో చనిపోయాడు. ఆయన కొడుకు అబ్దుల్ అజీజ్ ఆ విద్యను ఆటమన్ సుల్తాను దగ్గరికి తీసుకెళ్లాడు. ఇస్తాంబుల్ సంగీతం తన పెద్దల్లో మరాఘీని ఇప్పటికీ లెక్కబెట్టుకుంటుంది. మరాఘీ చనిపోయిన ఎనిమిదేళ్లకు, 1443లో, అదే షారుఖ్ రాయబారి అబ్దుర్ రజాక్ హెరాత్ నుంచి విజయనగరం వచ్చి, మహానవమి ఉత్సవాన్నీ ఆటపాటల్నీ చూసి రాశాడు. ఒక కొమ్మ పడమరకు ఇస్తాంబుల్ వైపు, ఒక కొమ్మ దక్షిణానికి దక్కను వైపు పాకింది. తరువాత గోల్కొండను ఏలిన కుతుబ్‌షాహీలైతే నిక్కచ్చిగా తుర్కులే: హమదాన్ ప్రాంతపు కారా కోయున్లు తుర్కుమానుల వంశం వాళ్లది. మన ఊళ్ల వాళ్లు తురుష్కులన్న మాట వదులుగా వాడారు, నిజమే. ఆ వదులు మాటకు వెనక అసలు తుర్కులూ ఉన్నారు.

ఆ మనుషులు ఎలా కనిపించేవారో హంపి మహానవమి దిబ్బ రాళ్లు చూపిస్తాయి. కోసు టోపీలు, గడ్డాలు, పొడుగు అంగీలు వేసుకున్న విదేశీయులు ఉత్సవంలో ఆడుతూ కనిపిస్తారు. హజార రామాలయం ప్రాకారం మీద గుర్రాలను నడిపిస్తూ వెళ్తారు. శిల్పి వాళ్లను శత్రువులుగా కాకుండా పండుగలో భాగంగా చెక్కాడు. రాజులు వాళ్ల వేషాన్ని కూడా తీసుకున్నారు. విజయనగర కొలువు దుస్తులైన కబాయి, కుళ్లాయి ఆ పడమటి దేశాల నుంచి వచ్చినవే. ఆ రాజులే తమను హిందూరాయ సురత్రాణులమని శాసనాల్లో చెప్పుకున్నారు. శ్రీనాథుడంతటి వాడు కర్ణాట కొలువుకు పోవడానికి తలకు కుళ్లాయి పెట్టాల్సి వచ్చిందని చాటువు చెబుతోంది. ఈ బళ్లారి, అనంతపురం సీమలో కుళ్లాయప్ప అనే పేరు ఇంటింటా వినిపిస్తుంది. నార్పల దగ్గర గూగూడులో కుళ్లాయిస్వామి పీర్ల పండుగకు వేలమంది హిందువులు తరలివెళ్తారు. కొలువులో మొదలైన టోపీ దేవుడి పేరై, పిల్లల పేరై ఊళ్లోకి దిగిపోయింది. రాగం కూడా అలాగే దిగిందా అన్నదే ఇక తేల్చుకోవలసిన ప్రశ్న.

దానికి మొదట చూడవలసింది వీణ మెట్లను. 1550లో, అళియ రామరాయల ప్రేరణతో, రామామాత్యుడు స్వరమేళకళానిధి రాశాడు. అందులో చాలామంది పట్టించుకునేది ఇరవై మేళాల జాబితాను. నా దృష్టిలో అసలు సంగతి వీణా ప్రకరణంలో ఉంది. ఆయన చెప్పిన శుద్ధమేళ వీణకు నాలుగు తీగలు: అనుమంద్ర షడ్జం, పంచమం, మంద్ర షడ్జం, మధ్యమం. ఒక తీగ మీద పలికే స్వరాన్ని ఆధారం చేసుకుని, పక్క తీగ మీద అదే స్వరం ఎక్కడ పలుకుతుందో చూసి, మెట్లను ఒకటొకటిగా నిలబెట్టుకుంటూ పోయాడు. అక్కడే ఒక ఇరుకు వచ్చింది. అంతర గాంధారానికీ, దానికి కాస్త పైన ఉండే చ్యుతమధ్యమ గాంధారానికీ విడివిడిగా మెట్లు పెట్టాలంటే అవి ఒకదాన్నొకటి రాసుకునేంత దగ్గరవుతాయి, వేలు పట్టదు. కాబట్టి ఒక మెట్టునే పెట్టి, అది రెండోదానికి ప్రతినిధిగా ఉంటుందని ఆయన తీర్మానించాడు. కాకలి నిషాదం విషయంలోనూ అంతే. శాస్త్రంలో వేరుగా ఉన్న రెండు స్వరాలను చేతి వేలి కోసం ఒకటి చేశాడు. దీన్ని తక్కువ పనిగా చూడకూడదు. స్థాయికి పన్నెండు మెట్లు చాలు, మిగతా తేడాలన్నీ వాయించేవాడి చేతిలో పుడతాయనే నమ్మకం ఇందులో ఉంది. వీణలను ఆయన రెండు రకాలుగా చెప్పాడు. ఒక్కో రాగానికి మెట్లు జరుపుకునేది ఏకరాగ మేళవీణ. మెట్లు కదపకుండా అన్ని రాగాలూ పలికించేది సర్వరాగ మేళవీణ. దక్షిణాది మొత్తంగా రెండోదాన్ని ఎంచుకుంది. ఆ దారిలోనే తంజావూరులో రఘునాథ నాయకుడి కాలానికి ఇరవై నాలుగు మెట్ల వీణ స్థిరపడింది. మైనం మీద మెట్లు నిలిపి మేళం కట్టే పని ఇప్పటికీ ఆ లెక్కనే సాగుతోంది. సితారు, తుర్కీ తీగవాద్యం సాజ్ మొదటి దారిలో ఉండిపోయాయి.

ఇప్పుడు రామామాత్యుడి ఇరవై మేళాల్లో ఒకదాన్ని దగ్గరగా చూద్దాం. దాని పేరు హెజ్జుజ్జి. హిజాజ్ అన్న మకాం పేరు మన నాలుక మీద అలా మారిందని సంగీత చరిత్రకారులు ఎన్నడో గుర్తించారు. పేరు సరే, స్వరాల మాటేమిటి? తుర్కీ హిజాజ్‌కు ప్రాణం దాని కింది నాలుగు స్వరాల్లో ఉంది: షడ్జం, దానికి దగ్గరగా చిన్న రిషభం, అక్కడి నుంచి ఒక్క గంతులో పెద్ద గాంధారం, ఆనుకుని మధ్యమం. వేంకటమఖి పదిహేడో శతాబ్దంలో చెప్పిన హెజ్జుజ్జి మేళంలో కింది భాగం శుద్ధ రిషభం, అంతర గాంధారం, శుద్ధ మధ్యమమే. పై భాగంలో మాత్రం దారులు విడిపోయాయి. మనవాళ్లు శుద్ధ ధైవతాన్ని, శుద్ధ నిషాదాన్ని పెట్టుకున్నారు. అక్కడికి ఇది మంచి సాక్ష్యం. ఆ సాక్ష్యాన్ని ఎంతవరకు లాగవచ్చో కూడా చెప్పాలి. శుద్ధ రిషభం, అంతర గాంధారం జోడీ మాళవగౌళలో ఎప్పటినుంచో ఉంది. ఆ గంతు మనకు కొత్త కాదు, అప్పు తెచ్చుకోవలసిన అవసరం లేదు. మరి కొత్త పేరు ఎందుకు పెట్టారు? స్వరాలు ఉన్నవే అయినా వాటి మీద నడిచిన తీరు వేరుగా వినిపించి ఉండాలి. ఇంట్లో ఉన్న స్వరాలకు పరాయి పేరు పెట్టారంటే, చెవికి పరాయిగా తోచింది సంచారమే.

హుసేని ఈ సంగతిని ఇంకా బాగా చూపిస్తుంది. తుర్కీ సంగీతంలో హుసేని అంటే ఒక మకాం, అలాగే ఆ మకాంలోని అయిదో మెట్టు కూడా. పాట ఆ అయిదో స్వరం చుట్టుపక్కల మొదలై, అక్కడే కాసేపు నిలిచి, పైకి వెళ్లివచ్చి, చివరికి ఆధార స్వరం మీదికి దిగుతుంది. అలా నడవకపోతే స్వరాలన్నీ సరిపోయినా అది హుసేని కాదంటారు. మన భాషలో చెప్పాలంటే స్వరాల వరస దాదాపు ఖరహరప్రియ. ఎక్కేటప్పుడు ఆరో స్వరం పెద్దది, దిగేటప్పుడు తరచుగా అదే స్వరం చిన్నదవుతుంది. ఇప్పుడు మన హుసేనిని పక్కన పెడదాం. ఇరవై రెండో మేళానికి జన్యం. ఆరోహణంలో పంచమం దాకా వెళ్లి, నిషాదాన్నీ ధైవతాన్నీ తాకి, మళ్లీ మధ్యమ పంచమాలకు తిరిగొచ్చి, అక్కడి నుంచి పై షడ్జానికి పోతుంది. ఎక్కడమే పంచమం చుట్టూ ఒక చుట్టు. ఎక్కేటప్పుడు చతుశ్రుతి ధైవతం, దిగేటప్పుడు శుద్ధ ధైవతం. పేరు కలిసింది, మేళం కలిసింది, పంచమం పెత్తనం కలిసింది, దిగేటప్పుడు ధైవతం చిన్నబోవడమూ కలిసింది. ఈ రాగంలో క్షేత్రయ్య పదాలు చెప్పాడు. ఆయన గోల్కొండ పాదుషా కొలువులో కూడా పదాలు వినిపించినవాడు. తంజావూరులో తెలుగు హుసేని స్వరజతి నాట్యానికీ వీణకూ ప్రాణమైంది, త్యాగరాజు ఈ రాగంలో కీర్తనలు చేశాడు. 1904లో ఎట్టయపురంలో తెలుగు లిపిలో అచ్చైన సంగీత సంప్రదాయ ప్రదర్శినిలో సుబ్బరామ దీక్షితులు దాన్ని గమకాలతో సహా స్వరపరిచాడు.

అనుమానించేవాడు ఇక్కడ ఊరుకోడు, ఊరుకోకూడదు కూడా. ఖరహరప్రియ లాంటి వరస ప్రపంచంలో సగం జానపద సంగీతాల్లో ఉంటుంది. రెండు ధైవతాలు భైరవిలోనూ ఉన్నాయి, హుసేనికి అవి భైరవి సావాసంతో వచ్చి ఉండవచ్చు. పంచమానికి బలం లేని రాగాలు మనకు ఎన్ని? ఒక్కొక్క పోలికనే విడదీసి చూస్తే ఈ మాట నెగ్గుతుంది. నాలుగు పోలికలు ఒకే పేరు కింద కూడుకోవడమే నన్ను ఒప్పిస్తోంది. పేరు ఉత్తినే వచ్చి అతుక్కున్నదైతే, అది ఏ శంకరాభరణపు జన్యానికైనా అతుక్కోవచ్చు. ఇంకొక సాక్ష్యం కర్ణాటకలోని శివగంగ ప్రాంతం నుంచి ఉత్తరానికి వెళ్లిన పుండరీక విఠలుడిది. పదహారో శతాబ్దంలో ఆయన రాగమంజరిలో పారసీక రాగాల జాబితా ఇచ్చి, ఒక్కొక్కటి మన ఏ రాగంలా ఉంటుందో చెప్పాడు. యమన్‌కు కల్యాణం, ఇరాక్‌కు ధనాశ్రీ, హిజాజ్‌కు ఆసావేరి ఎదురుగా నిలిపాడు. ఆ జతల్లో కొన్ని మన చెవికి సరిపోవు. అయినా ఆ కాలపు దక్షిణాది పండితుడు రెండు సంగీతాలనూ పక్కపక్కన పెట్టుకుని విన్నాడని, పోల్చడం పనిగా పెట్టుకున్నాడని అది రుజువు చేస్తోంది. ఇక పోయినదేమిటో కూడా చెప్పాలి. తుర్కీ హుసేనిలో రెండో స్వరం మన చతుశ్రుతి రిషభం కాదు, దానికి కాస్త కింద పలుకుతుంది. తుర్కీ శాస్త్రం పూర్ణ స్వరాన్ని తొమ్మిది కోమాలుగా పంచుతుంది. కాగితం మీద ఒక కోమా తగ్గిన ఆ స్వరం వాయించేటప్పుడు రెండు మూడు కోమాలు కిందికి దిగుతుంది. ఆ దిగులు పాటంతటా పరుచుకుంటుంది. అది మన హుసేనిలో లేదు. రామామాత్యుడి పన్నెండు మెట్లలో దానికి చోటు దొరకలేదు. నడక దాటింది, ఆ స్వరం దాటలేదు.

ఇంత ఆదరణ ఉంటే శాస్త్రకారులు తురుష్క రాగాలను ఎందుకు ఈసడించారని మరొక ప్రశ్న. వేంకటమఖి కల్యాణి గురించి అన్న మాట ప్రసిద్ధం: గీత ప్రబంధాలకు అది తగదు గాని తురుష్కులకు మహా ప్రీతి అన్నాడు. ఆ మాటలో తృణీకారం ఉంది, కాదనను. అయితే శాస్త్రకారుడు ఈసడించాడంటే అర్థం, ఆ రాగం అప్పటికే ఆయన కిటికీ కింద నుంచి వినపడుతోందని. వినపడనిదాన్ని ఎవరూ వద్దనరు. పైగా తన పంతొమ్మిది మేళాల్లో కల్యాణికి ఆయనే చోటిచ్చాడు. మరో నూటయాభై ఏళ్లకు త్యాగరాజు, దీక్షితులు, శ్యామశాస్త్రుల చేతుల్లో అది కచేరీకి నడుమ కూర్చోబెట్టే పెద్ద రాగమైంది. శాస్త్రం వెనకబడి నడిచింది, వాయించేవాళ్లు ముందు నడిచారు.

బళ్లారి సీమలో ఈ వాదనకు గట్టిగా అడ్డు తగిలేది మాత్రం శాస్త్రం కాదు, 1565 జ్ఞాపకం. తళ్లికోట యుద్ధం, రాజధాని నేలమట్టం కావడం ఇక్కడి వాళ్లకు ఇంటి దుఃఖం. కోలాచలం శ్రీనివాసరావు రామరాజు చరిత్రను నాటకంగా రాస్తే, బళ్లారి రాఘవ అందులో పఠాన్ రుస్తుం వేషంతో జనాన్ని కదిలించాడు. తురుష్కుడు ఈ రంగస్థలం మీద ప్రతినాయకుడుగానే నిలిచాడు. నగరాన్ని కూల్చినవాళ్ల పాటను మనవాళ్లు తీసుకుంటారా అని అడగడం సహజమే. కానీ కూల్చక ముందటి ఏళ్ల లెక్క చూడాలి. గోల్కొండ రాజకుమారుడు ఇబ్రహీం 1543 నుంచి 1550 దాకా విజయనగరంలోనే రామరాయల ఆశ్రయంలో బతికాడు. 1550లో గద్దెనెక్కాక తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకున్న ఇబ్రహీం కుతుబ్‌షా అతనే. అద్దంకి గంగాధరుడు తపతీ సంవరణోపాఖ్యానాన్ని అతనికే అంకితమిచ్చాడు. రామామాత్యుడు గ్రంథం ముగించినదీ అదే 1550లో. ఆ కుర్రవాడు ఆ వైణికుడి వీణ విన్నాడని ఏ గ్రంథమూ చెప్పదు, నేనూ చెప్పను. తుర్కుమాను రాజకుమారుడు ఏడేళ్లు ఉన్న కొలువులోనే హెజ్జుజ్జి మేళం శాస్త్రంలోకి ఎక్కిందన్నంత వరకే చెబుతాను, అది చాలు. బీజాపూరు అలీ ఆదిల్‌షా 1558లో రామరాయల అతిథిగా ఇక్కడికి వచ్చాడు. నగరం కూలిన తర్వాత కూడా ఈ రాకపోకలు ఆగలేదు. బీజాపూరులో రెండో ఇబ్రహీం ఆదిల్‌షా తన తంబూరాకు మోతీఖాన్ అని ముద్దుపేరు పెట్టుకుని, కితాబ్-ఎ-నౌరస్‌లో సరస్వతిని, గణపతిని కీర్తిస్తూ దక్కనీ పాటలు రాశాడు. భూపాలి, కల్యాణ్, కానడలతో పాటు హిజాజ్, నౌరోజ్ కూడా ఆ పాటల రాగాల్లో ఉన్నాయి.

తుర్కీ ధ్వని ఈ సీమకు మరో దారిలో కూడా వచ్చింది. ఆ దారి చూస్తే నా వాదనలో రెండో సగం తేటపడుతుంది. ఆటమన్ సైన్యాల మెహ్తర్ మేళంలోని పెద్ద డోలు, తాళాలు పద్దెనిమిదో శతాబ్దంలో యూరప్ పటాలాల బ్యాండులోకి చేరాయి. మొజార్టు తుర్కీ వరసలో పియానో రాండో రాసింది ఆ ఊపులోనే. అందులో తుర్కీ మకాం ఒక్కటీ లేదు. ఢాంఢాం దరువు, పదేపదే తిరిగే చిన్న ముక్క, అంతే. ఆ బ్యాండులే ఇంగ్లీషు వాళ్లతో మద్రాసు కోటకు వచ్చాయి. వాటి బాణీలకు ముత్తుస్వామి దీక్షితులు నోట్టుస్వర సాహిత్యాలు కట్టాడు. 1800లో నిజాము దత్తమండలాలను ఇచ్చేశాక బళ్లారి కంటోన్మెంటు అయింది. ఇస్తాంబుల్ డోలు అలా లండను మీదుగా మన పెళ్లిళ్ల బ్యాండుమేళం దాకా వచ్చి చేరింది. ఇంత దూరం తిరిగినా అది మన సంగీతంలో ఒక్క సంచారాన్నీ మిగల్చలేదు. రంగుగా వచ్చింది, రంగుగానే ఉండిపోయింది. హుసేనికి డోలు లేదు, ఆర్భాటం లేదు; అయినా అది స్వరజతి అయింది, పదమైంది, కీర్తన అయింది.

తుర్కీలోనే ఇదే ప్రశ్న మీద ఎంత రాపిడి జరిగిందో తెలిస్తే మనవాళ్ల పని విలువ తెలుస్తుంది. 1826లో సుల్తాను మహమూద్ జానిస్సరీ సైనిక దళాన్ని రద్దు చేశాడు, మెహ్తర్ మేళమూ వాళ్లతోనే పోయింది. 1828లో ఇటలీ నుంచి జుసెప్పె దొనిజెట్టిని పిలిపించి పాశ్చాత్య బ్యాండు పెట్టించాడు. గణతంత్రం ఏర్పడిన రోజుల్లో జియా గొకాల్ప్ ఒక సూత్రం చెప్పాడు: పల్లె పాటల్ని తీసుకుని యూరప్ పద్ధతిలో కూర్చితే జాతి సంగీతం పుడుతుందని. 1926లో ఇస్తాంబుల్ సంగీత పాఠశాలలో పాత ఆస్థాన సంగీత బోధనను ఆపారు; 1934లో రేడియోలోనూ కొంతకాలం నిషేధించారు. అద్నాన్ సైగున్, ఉల్వీ జెమాల్ ఎర్కిన్ వంటి అయిదుగురు స్వరకర్తలు ఆ కాలంలోనే స్ట్రింగ్ క్వార్టెట్లు, సింఫనీలు రాశారు. 1936లో బేలా బార్తోక్ అనటోలియా వచ్చినప్పుడు సైగున్ ఆయన వెంట తిరిగి పల్లె పాటలు సేకరించాడు. వయొలిన్‌కు మెట్లు లేవు కాబట్టి క్వార్టెట్‌లో కోమా పలుకుతుంది. చిక్కు మరో చోట వచ్చింది. ముగ్గురు కింద స్వరాల్ని గుత్తిగా పట్టుకుని నిలిస్తే, పైన ఒక్కడు కాస్త దిగిన రిషభం వాయిస్తే అది అపశ్రుతిగా వినబడుతుంది. ఆ గుత్తుల కోసం మకాం మెడ వంచాల్సి వచ్చింది. అది ఎంతో మంచి సంగీతం. కానీ అక్కడ పల్లె పాట ముడి సరుకు. మనవాళ్ల దగ్గర హుసేని ఇంటి మనిషి.

గిటారు దగ్గరికి వచ్చేసరికి రామామాత్యుడి ప్రశ్న అచ్చంగా తిరిగి వచ్చింది. గిటారు మెట్లు లోహపు కడ్డీలు, పట్టి లోపల దిగ్గొట్టినవి. సాజ్ మీద మెట్టంటే మెడకు చుట్టి కట్టిన దారం. హుసేనికి కావలసిన చోటికి జరుపుకోవచ్చు. ఎర్కాన్ ఓవుర్ 1976లో గిటారు మెట్లన్నీ పీకేసి నున్నటి పట్టి మీద మకాం వాయించాడు. తోల్గహాన్ చోవులు 2008లో ప్రతి తీగ కింద మెట్లు విడివిడిగా జరిగే గిటారు చేయించాడు. అది ఏకరాగ మేళవీణ మళ్లీ పుట్టడమే. మూడో దారి ఇటలీలో పుట్టి ఇస్తాంబుల్‌లో గిటారు నేర్పిన కార్లో దొమెనికోనిది. అంధకవి ఆషిక్ వేసెల్ పాట మీద గిటారు వేరియేషన్లు రాసిన ఆయన, 1985లో కోయున్‌బాబా రాశాడు. అందులో మెట్లు కదపలేదు, పీకలేదు. తీగల శ్రుతినే మార్చాడు. సాజ్ లాగా ఖాళీ తీగలు గుంయిమని మోగుతుండగా వాటి మీద నడకను నడిపించాడు. మూడింటిలో వాద్యానికి అతి తక్కువ హాని చేసినదీ, ప్రపంచమంతా గిటారు వాళ్ల చేతుల్లోకి ఎక్కినదీ ఈ మూడోదే. చోవులు గిటారు మీద స్వరం నిక్కచ్చిగా పలుకుతుందని నాకు తెలుసు. అయినా వాద్యాన్ని మార్చితేనే రచన సాధ్యమంటే ఆ రచన పదిమంది దాటి పోదు. పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ ఈ మాటకు మన ఇంటి సాక్ష్యం. మాండొలిన్‌కు ఉన్న బిగించిన మెట్లను అలాగే ఉంచి, జంట తీగలకు బదులు ఒంటి తీగలు అయిదు పెట్టుకుని, తీగను లాగి గమకం పలికించాడు. తోడి, భైరవి లాంటి రాగాలు అలా పలికినప్పుడు గిటారు మీద హుసేని పలకకపోవడానికి కారణం లేదు.

కోయున్‌బాబా శ్రుతిని మన లెక్కలో రాసుకుంటే ఒక విషయం కనబడుతుంది. కింది నుంచి ఆరు తీగలు: షడ్జం, పంచమం, షడ్జం, పంచమం, షడ్జం, సాధారణ గాంధారం. మొదటి మూడు తీగలు రామామాత్యుడి వీణ తొలి మూడు తీగలే. పైన మిగిలిన గాంధారం హుసేని గాంధారమే. కాబట్టి తంజావూరు హుసేని స్వరజతిని గిటారుకు రాయాలనుకునేవాడు కొత్త శ్రుతి వెతుక్కోనక్కరలేదు. అతనికి మిగిలే పని దాటిరాని ఆ రిషభం. తీగను పక్కకు లాగితే స్వరం పైకే పోతుంది, కిందికి రాదు. అందుకని చతుశ్రుతి రిషభం మెట్టు మీద ఆ స్వరం దొరకదు. శుద్ధ రిషభం మెట్టు నొక్కి, చతుశ్రుతికి కాస్త ముందే ఆగేలా లాగాలి. వైణికులు రోజూ చేసే పనే ఇది, నైలాను తీగ మాత్రం అంత సులువుగా లొంగదు. ఈ శ్రుతిలో రెండు, మూడు తీగలు మామూలు కంటే బిగుస్తాయి, నాలుగు, అయిదు, ఆరు తీగలు వదులవుతాయి. రాగాన్ని పై తీగల మీద మెరిపించాలనే గిటారు అలవాటును ఇక్కడ పక్కన పెట్టాలి. పంచమానికి శ్రుతి చేసిన అయిదో తీగ మీద అయిదో మెట్టు షడ్జం, ఆరో మెట్టు శుద్ధ రిషభం. అక్కడ తీగ వదులుగా ఉంటుంది, లాగడానికి జాగా ఉంటుంది, పక్కనే నాలుగో తీగ ఖాళీగా అదే షడ్జాన్ని మోగిస్తూ ఉంటుంది. స్వరజతి పల్లవిని అక్కడ మొదలుపెట్టాలి.